రేకు చెప్పేదాకా

మెట్లు పదమూడు. చివరిది కుంగింది.
మార్చి నెలాఖరు. విన్నిపెగ్‌లో మంచు
వీధి మొగన ఇంకా నల్లగా కూర్చునే ఉంది.
టార్చి వెలిగించకముందే ముక్కు చెప్పేసింది:
నానిన అట్టపెట్టెలు, మొలకలెత్తిన బంగాళాదుంపలు,
తనలో తాను గొణుక్కునే గది వాసన.

"నీళ్లు అటునుంచి," అన్నాడు డెస్మండ్ ఫ్లెట్,
తూర్పు గోడను చూపిస్తూ కాదు,
గోడ అవతలి మనిషిని చూపిస్తూ.
గున్‌లాగర్ ఇంటి చూరుగొట్టం తన వైపే తిప్పి పెట్టాడట.
పదకొండేళ్లుగా పలకరింపుల్లేవట.
కంచె మీదుగా పారలతో మంచు
అటొకసారి ఇటొకసారి, అంతే ఇచ్చిపుచ్చుకోవడం.

గోడలకు చెవులుంటాయంటారు గాని
ఇరవై ఏళ్లుగా గోడలు చూస్తున్నదాన్ని,
నాకు తగిలినవన్నీ చెమట పట్టేవే.

గీరితే తెల్లటి ఉప్పు గోరుకింద ఇరుక్కుంది.
మా నాన్న బొహ్దాన్ అయితే నాలుక మీద వేసుకుని
"ఇది మట్టి ఉప్పు, ఇది సిమెంటు ఉప్పు" అనేవాడు.
సగంసార్లు తప్పే చెప్పేవాడు.
డబ్బు మాత్రం సరిగ్గా లెక్కపెట్టుకునేవాడు.

కిటికీ చట్రాన్ని స్క్రూడ్రైవరుతో పొడిచాను:
వెన్నలోకి కత్తి.
నేలా గోడా కలిసేచోట నాణెం అంచు దూరేంత పగులు.
గుంటలో పంపుకున్న తేలే బంతి
తుప్పుకి అతుక్కుని, అలిగి, లేవనంటోంది.

ఈ ఊరి బంకమట్టి గుణం నాకు తెలుసు.
తడిస్తే ఉబ్బి భుజంతో నెడుతుంది.
ఎండితే గోడనొదిలి బెత్తెడు దూరం జరుగుతుంది,
పెళ్లిలో మర్యాద తగ్గిన చుట్టంలా.

సంచిలోంచి వంటింటి రేకు తీశాను.
అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండు ముక్కలు.
ఒకటి తూర్పున, ఒకటి ఉత్తరం మూల,
నాలుగంచులా టేపు బిగించి అంటించాను.
"దీనికేనా డబ్బులు?" అన్నాడు.
"రెండు రోజులు ముట్టుకోకండి.
వెనక తడి ఉంటే నేల ఇచ్చింది.
ముందు తడి ఉంటే మీరిచ్చింది."
"నేనా?"
నవ్వాడు. నేను నవ్వలేదు.

గురువారం వెళ్లేసరికి కుంగిన మెట్టు మీద
నాకంటే ముందే కూర్చున్నాడు. చేతిలో కాఫీ చల్లారిపోయింది.
తూర్పు రేకు ముఖమంతా ముత్యాలు.
టేపు ఊడదీసి తిప్పాను.
వెనక పొడి. అప్పడమంత పొడి.
వేలు పెట్టి చూశాడు. వేలు మార్చి చూశాడు.

బట్టలారబెట్టే యంత్రం వెనక గొట్టం
ఊడి పడి ఉంది, ఎన్నాళ్లనుంచో.
ఆదివారం ఆదివారం తన చొక్కాల తడి
తన గోడకే పోసుకుంటూ వచ్చాడు.

ఉత్తరం మూల రేకుకి వెనకే తడి, నిజమే.
కాని ఉత్తరాన గున్‌లాగర్ లేడు.
ఫ్లెట్ గారి సొంత చూరుగొట్టమే ఉంది,
మోచేయి విరిగి, కరిగిన మంచునంతా
గోడ పాదాల మీద కక్కుతూ.

నీరు పల్లమెరుగు.
నిజం ఈసారికి రేకెరుగు.

కాగితం మీద రాసిచ్చాను:
ఆరడుగుల గొట్టం ముందు, అది చవక.
మట్టి వాలు ఇంటినుంచి బయటికి.
పంపుకి కొత్త బంతి. పగులుకి పూడిక.
తవ్వి బయటి గోడకు నల్లపూత మే నెలలో,
నేల మెత్తబడ్డాక.
కంచె సంగతి రాయలేదు. నా పని గోడవరకే.

వ్యాన్ ఎక్కుతుంటే కనిపించాడు,
రేకుని నాలుగు మడతలు పెట్టి పట్టుకుని
కంచె దగ్గర నిలబడ్డాడు, టోపీ లేకుండా, ఆ చలిలో.
అవతల కుక్క మొరిగింది.
తలుపు తెరుచుకుందో లేదో నేను చూడలేదు.
మూడింటికి సెల్కర్క్ వీధిలో
ఇంకెవరివో మెట్లు దిగాలి.